పదకొండో కథ

పగలు సహకార బ్యాంకులో బాకీదార్లని భయపెడతాను.
రాత్రి గుణుపురంలో, మేడ మీద రేకుల గదిలో
పరాయివాళ్ల దెయ్యాలకి వ్యాకరణం దిద్దుతాను.

ఎర్ర పెన్ను మొదట వెతికే మాట ‘భయంకరమైన’.
కనిపించిన చోటల్లా కొట్టేస్తాను.
భయం వచ్చి కూర్చున్న ఇంట్లో
దాని పేరెవరు పలుకుతారు?
తర్వాత కుక్క ఏడుపు. తర్వాత అమావాస్య.
సంకలనానికి వచ్చిన అరవై రెండు కథల్లో
నలభై అమావాస్యలు.
ఏ పంచాంగమూ ఒప్పుకోదు.

బజారు వైపు ఆమెని చిరుగుణి అంటారు,
మా వీధిలో కామినీ దెయ్యం.
పురిట్లో పోయిన మనిషి ఒక్కతే,
పిలిచే నోళ్లే రెండు.
ఏ పేరు ఉంచమంటారని డీటీపీ కూర్మారావు అడిగాడు.
రెండూ ఉంచమన్నాను.
ఎవరు పిలిచినా ఆమెకి వినబడాలి కదా.

సవర కొండ మీంచి ఒక కథ ఫోన్లో గొంతుగా దిగింది.
నడుమ కోడి కూసింది, ఎవరో దగ్గారు.
శుభ్రంగా రాసుకుని చదివితే
కథంతా ఉంది, చీకట్లో మనిషి మాత్రం లేడు.
దగ్గు వెనక్కి తెచ్చి పెట్టాను.
అప్పుడు నిలబడ్డాడు.

పదకొండోది ఇప్పిలి సుభద్ర కథ.
కాశీనగరం దగ్గర అంగన్‌వాడీలో గుడ్లు లెక్కపెట్టే మనిషి.
రూళ్ల కాగితాలు నాలుగు, మడతల్లో చోడిపిండి.
ఏట్లో పోయిన తమ్ముడు
రోజూ సందెవేళ తడిబట్టలతో వస్తాడు.
గుమ్మం బయట చెప్పులు విడుస్తాడు.
అంబలి తాగుతాడు.
గిన్నె కడిగి బోర్లిస్తాడు. వెళ్తాడు.
అంతే కథ.
ఎవరి పీకా కొరకడు.

‘ముగింపులో భయం చాల్లేద’ని ఉత్తరం రాశాను.
‘గిన్నెలో నెత్తురు కనిపిస్తే ఎలా ఉంటుంది?’
అని సలహా కూడా. ఆ సలహా నాదే,
కూర్మారావు మీదికి తోసెయ్యను.

తొమ్మిదో రోజున కార్డు వచ్చింది:
‘వస్తాడని రాసినాను బాబూ.
రాడు.
ఇంతకంటే భయం నానెలాగ రాయీది?’

చాలాసేపు ఫ్యాను చప్పుడు విన్నాను.
‘వెళ్తాడు’ పక్కనున్న చుక్కనైనా తీసేద్దామనిపించింది.
తియ్యలేదు.
ఆ చుక్క ఆమె పెట్టుకున్నది.

పుస్తకం మూడువందల ప్రతులు.
అట్ట మీద పుర్రె వేస్తే ఆడుతుందన్నాడు పర్లాకిమిడి ప్రెస్సాయన.
బోర్లించిన గిన్నె వేయించాను.
వంటల పుస్తకమా అని అడిగినవాళ్లు ఏడుగురు,
వాళ్లలో ఇద్దరు కొన్నారు కూడా.
సంతలో బరా గుగునీ బండి పక్కన పరిచి
కరెంటు పోగానే ఒక పేజీ చదివేవాణ్ణి,
అసలు చోట ఆపేసేవాణ్ణి.
‘మిగతాది?’ అని చీకట్లోంచి ఒక గొంతు.
‘నూట ఇరవై’ అనేవాణ్ణి.
బ్యాంకులో నేర్చుకున్న విద్యే.

స్టేషన్ గోడకి పోస్టరు అంటించబోతే
అక్కడ ముందే ఒక కాగితం ఉంది: ‘కనబడుట లేదు’.
వానకి ఫొటో కరిగి, మొహం ఉండాల్సిన చోట తెలుపు.
చొక్కా రంగు, ఎత్తు, పుట్టుమచ్చ,
‘తెలుగు, ఒడియా మాటాడగలడు.’
ఒక్క విశేషణం లేదు.
ఇంత బాగా దిద్దిన పేజీ నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు.
ఊడుతున్న మూలకి నా జిగురు రాసి
పోస్టరు కాస్త ఎడంగా అంటించాను.

సుభద్రకి రెండు ప్రతులు పంపాను. జాబు లేదు.

ఇప్పుడు రెండో సంకలనానికి ప్రకటన రాస్తున్నాను.
కథలు పంపండి. అమావాస్యలు వద్దు.
కాగితానికి ఒకవైపే రాయండి.
చివరి తేదీ అన్న చోట
చెయ్యి ఆగిపోయింది.
కూర్మారావు రెండుసార్లు ఫోన్ చేశాడు,
తేదీ చెప్పండి సార్, పేజీ ఆగిపోయింది, అని.